శ్రుతి దిగినా బిగువు తగ్గని తీగ: మెటల్ గిటార్ వెనుక భౌతికశాస్త్రం

హెవీ మెటల్ సంగీతంలో వినిపించే బరువైన గిటార్ నాదానికి యాంప్లిఫయర్ ఒక్కటే కారణం కాదు. తీగలను మామూలు శ్రుతి కంటే కిందికి దించి వాయించడం కూడా ఈ శైలిలో చాలామంది అనుసరించే పద్ధతి. అయితే మరలు తిప్పి తీగలు వదులు చేసినంత మాత్రాన ఆ నాదం రాదు. వదులైన తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది. స్వరం నిలకడగా ఉండదు. ఎలాంటి గిటార్ తీసుకోవాలి, ఎంత లావు తీగ వేయాలి అన్న ప్రశ్నలకు జవాబు దాదాపు 400 ఏళ్ల నాటి భౌతికశాస్త్ర నియమాల్లో ఉంది.

మూడు అంశాల లెక్క

ఫ్రెంచ్ పండితుడు మారిన్ మెర్సెన్ 1636లో ప్రచురించిన గ్రంథంలో తీగ కంపనాల నియమాలను వివరించాడు. తీగ పౌనఃపున్యం మూడు అంశాలపై ఆధారపడుతుంది: పొడవు, బిగువు అంటే తన్యత, ప్రతి సెంటీమీటరుకు ఉండే ద్రవ్యరాశి. పొడవు పెరిగితే శ్రుతి దిగుతుంది. ద్రవ్యరాశి పెరిగినా దిగుతుంది. తన్యత పెరిగితే శ్రుతి పెరుగుతుంది, కానీ రెట్టింపు శ్రుతి కావాలంటే తన్యత నాలుగు రెట్లు కావాలి. వీణలోనూ ఇదే నియమం. సారణి కంటే అనుమంద్ర తీగ లావుగా ఉండేది అందుకే.

ఐయోమీ ఎందుకు వదులు చేశాడు?

బ్లాక్ సబ్బత్ బృందం గిటారిస్టు టోనీ ఐయోమీ 17 ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం గలవాడు కావడంతో తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ప్లాస్టిక్ కరిగించి వేలికొసలకు తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు వాడాడు. తర్వాత వాటి శ్రుతిని కూడా దించాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లోని కొన్ని పాటల్లో తీగలు మూడు అర్ధస్వరాలు కిందికి దిగి ఉంటాయి. అతడికి తక్కువ బిగువు ఒక ఊరట. నేటి మెటల్ వాద్యకారుల అవసరం వేరు. వారికి శ్రుతి దిగాలి, బిగువు మాత్రం తగ్గకూడదు.

అంకెలు ఏం చెబుతాయి?

సాధారణ ఎలక్ట్రిక్ గిటార్‌లో మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు. అతి మంద్ర తీగ మందం 0.046 అంగుళం, పౌనఃపున్యం సుమారు 82 హెర్ట్జ్. దానిపై ఉండే తన్యత దాదాపు 8 కిలోల బరువు వేలాడదీసినంత. అదే తీగను ఐదు అర్ధస్వరాలు దించి, ఏడు తీగల గిటార్‌లోని మంద్ర తీగలా సుమారు 62 హెర్ట్జ్‌కు తెస్తే తన్యత 4.5 కిలోలకు పడిపోతుంది. గట్టిగా మీటినప్పుడు తీగ కొద్దిగా సాగి, తన్యత క్షణకాలం పెరుగుతుంది. 8 కిలోల మీద ఆ పెరుగుదల పెద్దగా తెలియదు. 4.5 కిలోల మీద మాత్రం స్వరం పైకి ఎగిసి కిందికి జారినట్టు స్పష్టంగా వినిపిస్తుంది.

పోయిన బిగువు తిరిగి రావడానికి రెండు దారులున్నాయి. పొడవు మార్చకుండా తీగను లావు చేయాలంటే సుమారు 0.062 అంగుళం మందం కావాలి. తీగ మార్చకుండా పొడవు పెంచాలంటే 34 అంగుళాలు కావాలి. అది సాధారణ బేస్ గిటార్ పొడవు! అంత దూరం పరుచుకున్న ఫ్రెట్ల మీద వేగంగా వాయించడం కష్టం.

లావుకూ ఒక హద్దు

అలాగని తీగను ఎంతైనా లావు చేయవచ్చా? లావైన తీగ కొంతవరకు కడ్డీలా ప్రవర్తిస్తుంది. వంగడానికి అది చూపే నిరోధం వల్ల అనుస్వరాలు ఉండాల్సిన చోటు కంటే కాస్త పైకి జరుగుతాయి. అందుకే మంద్ర తీగలను సన్నని ఉక్కు తీగ చుట్టూ మరో లోహపు తీగ చుట్టి తయారుచేస్తారు. ఆ చుట్టు బరువు పెంచుతుంది కానీ తీగను అంతగా బిరుసు చేయదు.

మెటల్‌లో ఈ తేడా మరింత బయటపడుతుంది. ఈ సంగీతంలో తరచుగా షడ్జ, పంచమాలను కలిపి వాయిస్తారు. వాటి పౌనఃపున్యాల నిష్పత్తి 2:3. డిస్టార్షన్ గుండా వెళ్లినప్పుడు ఆ రెండింటి తేడాకు సమానమైన కొత్త స్వరం, షడ్జానికి ఒక స్థాయి కింద పుడుతుంది. గంభీరత కొంత అక్కడి నుంచే వస్తుంది. అనుస్వరాలు చెదిరితే ఈ తేడా స్వరాలు కూడా చెదిరి, నాదం బురదలా కలిసిపోతుంది.

మధ్యేమార్గం

కనుక తయారీదారులు రెండు మార్పులనూ కలుపుతారు. పొడవును 27 అంగుళాలకు పెంచితే తన్యత 12 శాతం పెరుగుతుంది. అప్పుడు 0.058 అంగుళం తీగతోనే 8 కిలోల బిగువు వస్తుంది. కొన్ని గిటార్లలో ఫ్రెట్లను విసనకర్రలా అమర్చి, మంద్ర తీగలకు ఎక్కువ పొడవు, సన్న తీగలకు తక్కువ పొడవు ఇస్తారు.

కొత్త గిటార్ కొనే స్తోమత లేనివారికీ ఇదే లెక్క దారి చూపుతుంది. రెండు మూడు అర్ధస్వరాలు దించడానికి మామూలు గిటార్‌పై కాస్త లావైన తీగల సెట్ సరిపోతుంది. తీగ కూర్చునే గాడిని వెడల్పు చేయించి, మెడ వంపును, బ్రిడ్జి మీద తీగ పొడవును సరిచూసుకోవాలి. ఒక జాగ్రత్త తప్పనిసరి. 0.062 అంగుళం తీగను పొరపాటున పాత 82 హెర్ట్జ్ శ్రుతికి బిగిస్తే, ఆ ఒక్క తీగ మీదే తన్యత 14 కిలోలు దాటుతుంది. తీగ తెగవచ్చు, మెడ వంగవచ్చు. శ్రుతి ఎంతకు దించాలో ముందే నిర్ణయించుకుని, తీగను ఆ తర్వాతే ఎంచుకోవాలి.