ఆఫీసు కాగితాల్లో ఒక లాటిన్ ధాతువు

ఆహారం, విహారం, సంహారం, పరిహారం: ముందు ఉపసర్గ మారితే అర్థం ఎలా మారిపోతుందో హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. ఇంగ్లీషు కోసం రోజుకు పది పదాలు బట్టీ పట్టే ఉద్యోగులు ఆ పాఠాన్ని ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. మీ బల్లమీద కాగితాలే చాలు.

లాటిన్‌లో ‘మిట్టెరే’ అంటే పంపడం. ఇంగ్లీషులో అది ‘మిట్’గానూ ‘మిస్’గానూ కనబడుతుంది. ‘ట్రాన్స్’ అంటే ఆవలికి, కాబట్టి ట్రాన్స్‌మిట్ అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయడం. గల్ఫ్ నుంచి ఇంటికొచ్చే డబ్బు రెమిటెన్స్. ‘సబ్’ అంటే కింద. అందుకే సబ్‌మిట్‌కు దాఖలు చేయడమే కాక, లొంగిపోవడం అనే అర్థమూ ఉంది. బిల్లు అడుగున ‘ఈ అండ్ ఓఈ’ అని చిన్న అక్షరాలుంటాయి చూడండి. ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ ఎక్సెప్టెడ్. లెక్క తప్పినా, ఏదైనా వదిలేసినా తర్వాత సరిదిద్దుకుంటామని అమ్మినవాళ్లు ముందే చెప్పుకోవడం అది.

స్పెల్లింగుకూ ఈ కిటుకు పనికొస్తుంది. కమిటీలో ఎం రెండుసార్లు ఎందుకు? ‘కామ్’ చివర ఒకటి, ‘మిట్’ మొదట ఒకటి. కమిషన్ కూడా అంతే. ఒమిషన్‌లో ముందున్నది ‘ఓ’ మాత్రమే కనుక ఎం ఒక్కటే. పర్మిట్, అడ్మిట్, సబ్‌మిట్ నామవాచకాలైతే పర్మిషన్, అడ్మిషన్, సబ్‌మిషన్. అన్నిటా ఎస్‌లు రెండు. భూతకాలంలో టీలు రెండు.

అయితే ధాతువు తలుపు దాకానే తీసుకెళ్తుంది. మెమోకు జవాబు రాస్తూ ‘ఐ అడ్మిట్’ అన్నారంటే తప్పు ఒప్పుకున్నట్టే. మెమో అందిందని చెప్పడానికి ‘అక్నాలెడ్జ్’ రాయాలి. డిస్మిసల్ అంటే పంపేయడమే, రిమూవల్ అన్నా ఉద్యోగం పోవడమే. కానీ కేంద్ర ఉద్యోగుల 1965 నాటి సీసీఎస్ సీసీఏ రూల్స్‌లో ఈ రెండూ వేరు: రిమూవలైతే మళ్లీ ప్రభుత్వోద్యోగానికి అడ్డు కాదు, డిస్మిసలైతే మామూలుగా అడ్డే. ఈ తేడా ధాతువు చెప్పదు, రూల్స్ పుస్తకమే చెప్పాలి.

ఇంకో చిక్కు, పోలికను చూసి చుట్టరికం కలిపేయడం. లిమిట్, సమ్మిట్, వామిట్ ఈ కుటుంబానివి కావు. మన మిస్డ్ కాల్‌లోని ‘మిస్’ అసలు లాటినే కాదు. అనుమానం వస్తే మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు వెబ్‌సైటులో పదం పుట్టుక ఉచితంగానే చూడొచ్చు.

ఈ వారం మీకొచ్చిన మెయిళ్లలో ‘మిట్’, ‘మిస్’ ఉన్న మాటలన్నిటి కిందా గీత గీయండి. ఒక్కోదానితో మీ పనికి సంబంధించిన వాక్యం ఒకటి రాయండి. అవి చేతికి అలవాటయ్యాక, మోయడం అనే అర్థమున్న ‘పోర్ట్’ పట్టుకోండి. ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్ మీకు ముందే తెలుసు.