వేగానికి కళ్లెం: కారు బ్రేకు డిస్కులు, ప్యాడ్ల ఎంపిక

గుర్రానికి కళ్లెం ఎంత అవసరమో కారుకు బ్రేకు అంత అవసరమని వేరే చెప్పనక్కరలేదు. అయినా కారు కొనేటప్పుడు ఇంజను ఎన్ని గుర్రాల శక్తి అని అడిగేవారే గాని, బ్రేకు ఎంత వేడికి తట్టుకుంటుందని అడిగేవారు అరుదు.

ఈ ప్రశ్న మా ప్రాంతానికి మరీ అవసరం. మేడ్చల్ మీదుగా నాగపూర్ రోడ్డు, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, ఈ రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు ఉన్నాయి. 2023లో ఔటర్ మీద కుడివైపు రెండు లేన్లలో గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. భూముల రేట్లు పెరిగినంక ఊళ్ళలోకి టర్బో ఇంజన్ల కార్లు కూడా వచ్చాయి. ఔటర్ దిగితే మాత్రం రోడ్డు మళ్ళీ అందరిదీ. వరికోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోసి ఉంటాయి, బర్రెలు దాటుతుంటాయి, వెనుక దీపం లేని ట్రాలీతో ట్రాక్టరు మెల్లగా పోతుంటుంది. కనుక వేగంగా పోయే కారుకు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు ఎట్లా ఎంచుకోవాలో, మనం తరగతిలో చదివిన భౌతికశాస్త్రం సాయంతోనే వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శక్తి ఎక్కడికి పోతుంది?

చలనంలో ఉన్న వస్తువు గతిజశక్తి దాని ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణిస్తే వస్తుంది. మనుషులతో కలిపి 1500 కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజశక్తి సుమారు 208 కిలోజౌళ్ళు. 120 వేగంలో అది రెట్టింపు కాదు, నాలుగింతలు, అనగా సుమారు 833 కిలోజౌళ్ళు. 160కి చేరితే 1480 దాటుతుంది.

పోలిక కోసం మాకు బాగా తెలిసిన బండినే తీసుకుందాం. వడ్ల బస్తాలతో కలిపి 6 టన్నులున్న ట్రాక్టరు, ట్రాలీ గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతే దాని శక్తి సుమారు 145 కిలోజౌళ్ళే. బరువులో నాలుగోవంతున్న కారు, 120 వేగంలో దానికి దాదాపు ఆరింతల శక్తిని మోస్తున్నదన్నమాట!

బ్రేకు ఈ శక్తిని నాశనం చేయదు, చేయలేదు. దాన్ని వేడిగా మారుస్తుంది, అంతే. కారు ఆగేటప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. నిలిచి ఉన్నప్పుడు నూటికి 55 పాళ్ళు ముందు చక్రాల మీద ఉంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు 70 పాళ్ళు దాటుతుంది. అందుకే పనిలో పెద్ద భాగం ముందు డిస్కులదే. ముందు డిస్కులు ఒక్కొక్కటి 8 కిలోల పోతఇనుము అనుకొని, దాని విశిష్టోష్ణంతో లెక్క కడితే, 120 నుంచి ఒక్కసారి ఆపితే డిస్కు ఉష్ణోగ్రత సుమారు 76 డిగ్రీలు పెరుగుతుంది. 160 నుంచి ఆపితే సుమారు 135 డిగ్రీలు. చల్లారే వ్యవధి లేకుండా వెంటవెంటనే నాలుగుసార్లు అట్లా ఆపితే, లెక్కప్రకారం 570 డిగ్రీలు దాటాలి. బ్రేకు ఎంపిక అంటే ఈ వేడికి లెక్క చెప్పడమే.

టైరు చేసే పని, బ్రేకు చేసే పని

మా పెద్దనాన్న కొడుకు ఒక పాత టర్బో కారు కొన్నాడు. రంధ్రాల డిస్కులు, ఎర్రరంగు కాలిపర్లు వేయించాలని మేడ్చల్‌లో ఒక షెడ్డుకు తీసుకుపోతే నేనూ వెంట వెళ్ళాను. అక్కడి ముసలి మేస్త్రీ కారు చూడకముందే ఒక ప్రశ్న అడిగాడు: "బిడ్డా, బండి మొదటిసారే ఆగుతలేదా, నాలుగుసార్లు ఆగినంక ఆగుతలేదా?"

ఈ రెండింటికీ మందు వేరు. బ్రేకు ఎంత పెద్దదైనా చివరకు కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణే. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పనిచేసి కాలికింద దడదడ కొడుతున్నదంటే, టైరు ఇవ్వగలిగినదంతా ఇచ్చేసిందని అర్థం. అటువంటి కారుకు పెద్ద డిస్కు వేసినా మొదటిసారి ఆగే దూరం తగ్గదు. అక్కడ కావలసింది మంచి టైరు. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే 120 వేగం నుంచి ఆగడానికి సుమారు 71 మీటర్లు పడుతుంది. కాలు పెడల్ మీదికి రావడానికి ఒక సెకను పడితే మరో 33 మీటర్లు. మొత్తం వంద మీటర్ల పైమాటే. రోడ్డు మీద వడ్లో మట్టో ఉండి గుణకం 0.5కు పడిపోతే, ఆగే దూరమే 113 మీటర్లవుతుంది.

మొదట బాగానే ఆగి, తరువాత తరువాత ఆగకపోతే మాత్రం అది వేడి జబ్బు. డిస్కులు, ప్యాడ్లు, ఆయిలు పనికివచ్చేది ఇక్కడ.

డిస్కు ఎట్లా ఉండాలి?

డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందాడు. దాని ప్రతాపం లోకానికి తెలిసింది మాత్రం 1953లో. ఆ ఏడు ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. డ్రమ్ము లోపల వేడి బందీ అవుతుంది. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది. అదే దాని బలం.

సాదా డిస్కు ఒకే పలక. వెంటిలేటెడ్ డిస్కులో రెండు పలకల మధ్య సందులుంటాయి. చక్రం తిరిగేకొద్దీ ఇది పంకాలాగా గాలిని నడుమ నుంచి అంచుకు తోస్తుంది. వేగంగా పోయే కారుకు ముందువైపు ఇది తప్పనిసరి. కొన్నింటిలో సందులు వంపుగా ఉంటాయి. అవి కుడి, ఎడమ వేరువేరు. తారుమారు చేసి బిగించరాదు.

రంధ్రాల డిస్కు చూడడానికి అందంగా ఉంటుంది. పూర్వం ప్యాడ్లు కాలినప్పుడు వెలువడే వాయువులు పోవడానికి రంధ్రాలు పెట్టేవారు. నేటి ప్యాడ్లలో ఆ బెడద చాలావరకు తగ్గింది. రంధ్రాల వల్ల ఇనుము బరువు తగ్గుతుంది, అనగా వేడిని దాచుకొనే శక్తీ తగ్గుతుంది. పైగా బాగా వేడెక్కి చల్లారే డిస్కుకు పగుళ్ళు ఆ రంధ్రాల దగ్గరే మొదలవుతాయి. గాడులున్న డిస్కు ప్యాడ్ ముఖాన్ని గీకి శుభ్రంగా ఉంచుతుంది. ప్యాడ్ కొంచెం త్వరగా అరుగుతుంది. రోడ్డు మీద తిరిగే కారుకు మంచి పోతఇనుముతో చేసిన సాదా ముఖపు వెంటిలేటెడ్ డిస్కు చాలు.

పెద్ద వ్యాసమున్న డిస్కుకు రెండు లాభాలున్నాయి. ప్యాడ్ నొక్కే చోటు ఇరుసు నుంచి 110 మిల్లీమీటర్ల దూరం నుంచి 125కు పోతే అదే నొక్కుడుకు టార్కు సుమారు 14 శాతం పెరుగుతుంది. ఇనుము ఎక్కువ కనుక వేడీ ఎక్కువ పడుతుంది. కాని చక్రంలో పట్టాలి, కాలిపర్ కుదరాలి. ముందువెనుకల పొత్తు చెడకూడదు. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరుగుతుంది.

ప్యాడ్ సంగతి

ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని ఆమంటన్స్ 1699లో చెప్పిన సూత్రం మనకు తెలుసు. కాబట్టి పెద్ద ప్యాడ్ అంటే ఎక్కువ పట్టు అని కాదు. అది నిదానంగా అరుగుతుంది, వేడిని పంచుకుంటుంది. పట్టును నిర్ణయించేది దాని పదార్థం.

ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తన, చప్పుడు తక్కువ, చల్లగా ఉన్నప్పుడే పట్టుకుంటాయి. ఎక్కువ వేడికి ఓర్చవు. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు నార, ఇనుపపొడి ఉంటాయి. వేడికి ఓర్చుతాయి, కాని డిస్కును కొంత తింటాయి, కీచుమంటాయి. సిరామిక్ ప్యాడ్లు దుమ్ము తక్కువ రాలుస్తాయి, నిత్యం తిరిగే కారుకు హాయి. ఇక పందేల ప్యాడ్లు మరుగుతున్న వేడిలోనే పనిచేస్తాయి. వాటిని ఊరి కారుకు వేస్తే, పొద్దున్నే పాలక్యాన్‌తో సైకిలు అడ్డమొచ్చినప్పుడు మొదటి తొక్కుడుకు సరిగా పట్టవు. పందేనికి మంచిది కాబట్టి రోడ్డుకూ మంచిదనుకోవడం ప్రమాదకరమైన భ్రమ.

చాలా ప్యాడ్ల అంచున రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణ గుణకాన్ని తెలుపుతాయి. 'ఇ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జి' అంటే 0.45 నుంచి 0.55. 'ఎఫ్ఇ' అని ఉంటే వేడెక్కితే పట్టు తగ్గుతుందని గ్రహించాలి. 'ఎఫ్ఎఫ్' అయితే నిలకడగా ఉంటుంది. అరుగుదల, నాణ్యత మాత్రం ఈ అక్షరాల్లో కనిపించవు. పాత ప్యాడ్ల దుమ్మును నోటితో గాని గాలి పైపుతో గాని ఊదరాదు. అది ఊపిరితిత్తులకు చేటు.

ఆయిలును మరువరాదు

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలుకు కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు, తేమ చేరినంక 140. డాట్ 4కు ఇవి 230, 155. డాట్ 5.1కు 260, 180. ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరతాయి. ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు తాకుతుంది గాని కారు ఆగదు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్‌ది. పెడల్ మెత్తగా దిగిపోతే తప్పు ఆయిలుది. ఈ తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. మా అన్న కారులో దిగిపోతున్నది పెడలే. ఎన్నేళ్ళుగానో మార్చని ఆయిలు తీసి కొత్త డాట్ 4 పోసి, 'ఎఫ్ఎఫ్' ప్యాడ్లు వేసి పంపాడు మేస్త్రీ. రంధ్రాల డిస్కులకు దాచిన డబ్బుతో నాలుగు కొత్త టైర్లు వచ్చాయి.

వేయించిన తరువాత

కొత్త ప్యాడ్లను డిస్కుకు మప్పాలి. ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, మధ్యరకం ఒత్తిడితో ఎనిమిది పదిసార్లు తగ్గించి, తరువాత బ్రేకు ముట్టకుండా కొంతదూరం నడిపి చల్లార్చాలి. వేడి డిస్కు మీద పెడల్ తొక్కిపట్టి నిలబెట్టరాదు. చక్రం నట్లను అడ్డదిడ్డంగా బిగిస్తే డిస్కు వంకర తిరిగి స్టీరింగు వణుకుతుంది. డిస్కు మీద ముద్రించిన కనీస మందం కంటే అరిగితే లేత్ మీద చెక్కించడం మాని, మార్చడమే మేలు.

ఈ వేడి లెక్క ఎక్కడికి దారితీసిందో హైదరాబాదే చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లను వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే రూపొందించారు. మోటార్లే జనరేటర్లుగా మారి, వేడిగా పోవలసిన శక్తిలో పెద్ద భాగాన్ని బ్యాటరీకి తిరిగి ఇస్తాయి. మన కార్లలో ఆ శక్తినంతా డిస్కులే మింగాలి.

కనుక డబ్బు పెట్టవలసిన వరుస ఇది: ముందు టైర్లు, తరువాత ఆయిలు, తరువాత ప్యాడ్లు, అప్పటికీ వేడి ఆగకపోతే డిస్కులు, అన్నిటికన్నా చివర రంగులు. మా ఊళ్ళలో కారు నడిపేదీ మనవాడే, ట్రాలీ మీద వడ్ల బస్తాల పైన కూర్చునేదీ మనవాడే. వాళ్ళిద్దరి మధ్య ఆ వంద మీటర్లు ఎప్పుడూ మిగిలి ఉండేట్లు చూసుకోవడం, శాస్త్రం చదువుకున్న మనం ఇంటికి తీసుకుపోవలసిన పాఠం.