నొప్పి పోయినను రాయి మిగిలియుండును

నూర్పిళ్ల కాలమున మేమొక గ్రామమునకు పోయియుంటిమి. పంచాయతీ సభ్యులొకరి ఇంట కూర్చుండగా, పొరుగింటి కోడలు కడుపునొప్పితో మెలికలు తిరుగుచున్నదని కబురు వచ్చినది. వాయువనిరి, వాము నమలుమనిరి. విచారింపగా, నెల దినముల క్రిందట ఇదే నొప్పితో ఆమె ఆసుపత్రిలో ఆరు దినములుండి వచ్చినదని తెలిసినది. ఆపరేషను చేయించుకొని పొమ్మని వైద్యులు చెప్పినను, నొప్పి పోయినది గదా, కోతలు ముంచుకొని వచ్చుచున్నవని ఇంటివారు తీసికొని వచ్చిరట.

కాలేయము క్రింద పిత్తాశయమను చిన్న సంచి కలదు. పైత్యరసము అందు నిలువయుండి, కొందరిలో గట్టిపడి రాళ్లగును. పెద్దరాయి కన్న చిన్నరాయియే ఒక్కొక్కప్పుడు ఎక్కువ చేటు చేయును. అది నాళములోనికి సులభముగా జారును. పైత్యరస నాళమును, క్లోమగ్రంథి నాళమును ఆంత్రమూలమున సాధారణముగా ఒకే ద్వారముకడ కలియును, రెండు కాలువలు ఒక తూముకడ కలిసినట్లు. అచ్చట రాయి అడ్డుపడినచో, ఆహారమును జీర్ణింపజేయవలసిన రసము క్లోమగ్రంథినే దహించును. గ్రంథి వాచును. పైకడుపున పుట్టిన నొప్పి వీపునకు ప్రాకును; వాంతులగును. జ్వరము వచ్చినను, కన్నులు పచ్చబారినను క్షణమైనను ఆలసింపరాదు. 108 వాహనమును పిలువవలెను.

రక్తపరీక్ష, అల్ట్రాసౌండు పరీక్షలవలన వైద్యులు వ్యాధిని గుర్తింతురు. సెలైను, నొప్పిమందులతో పెక్కుమందికి వారము దినములలో వాపు తగ్గును. చిక్కంతయు ఇచ్చటనే కలదు: వాపు తగ్గును గాని రాళ్లసంచి లోననే యుండును.

పూర్వము దీనిని తీయుటకు పొట్టను పెద్దగా కోసెడివారు. 1985లో జర్మనీ వైద్యుడు ఎరిక్ మ్యూహే చిన్న రంధ్రములగుండా గొట్టపు పరికరములతో పిత్తాశయమును తీసెను. నేడు మన పట్టణములలో సైతము ఇదియే వాడుక. నాళమున రాయి నిలిచి చీముపట్టినచో, నోటిద్వారా ఎండోస్కోపు గొట్టమును పంపి రాయిని తీయుదురు. ఇది అందరికి అవసరము కాదు. గ్రంథి కుళ్లి చీముపట్టిన కష్టస్థితిలోను ముందుగా సన్నని గొట్టముతో చీమును తీయుట మేలని నెదర్లాండ్సులో 88 మంది రోగులపై జరిగిన పరిశీలన 2010లో తేల్చెను. ఆ పద్ధతిన చికిత్స పొందినవారిలో 35 శాతమునకు కుళ్లిన భాగమును తొలగించు ఆపరేషనే అవసరపడలేదు.

ఆ దేశముననే 2015లో వెలువడిన మరియొక పరిశీలన మనకు ముఖ్యము. వ్యాధి స్వల్పముగా వచ్చినవారిని ఇంటికి పంపి, సుమారు నెలకు పిలిచి ఆపరేషను చేయగా, ఆరునెలలలో 17 శాతము మంది రాళ్ల బాధలతో తిరిగి ఆసుపత్రి చేరుటయో, మరణించుటయో జరిగెను. ఇంటికి పంపకముందే చేసినచో అది 5 శాతమే. వ్యాధి తీవ్రమైనవారికి మాత్రము వాపు సద్దుమణగువరకు వైద్యులే ఆగుమందురు. ఆ గడువు వారు చెప్పవలసినది, కోతలు కాదు.

ఆ కోడలిని ఆ రాత్రియే జిల్లా కేంద్రమునకు చేర్చిరి. ఈమారు వాపు తగ్గగానే, "సంచి తీసిన తరువాతనే పంపుడు" అని అత్తగారే వైద్యునితో ననెనట. నూర్పిడికి కూలిమనిషిని పెట్టుకొనిరి.