కంపెనీ గేటు కాకుండా మరో దారి: చేతితో తోలు బ్యాగుల తయారీ

జంషెడ్‌పూర్‌లో తోలు ఎక్కువగా కనిపించేది కార్మికుల చేతులకే. కొలిమి దగ్గర, వెల్డింగ్ దగ్గర తొడుక్కునే మందపాటి గ్లౌజులు తోలువి. అలాంటి గ్లౌజులకూ, చిన్న తోలు సామానుకూ దేశంలో పేరున్న కేంద్రం కోల్‌కతా. ఊరి స్టేషన్ టాటానగర్ నుంచి అక్కడికి రైల్లో సుమారు 250 కిలోమీటర్లు. పొద్దున్నే స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తోప్సియా వైపు తోలు సరుకు చూసుకుని, రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఇంట్లో కూర్చుని హ్యాండ్‌బ్యాగులు కుట్టాలనుకునే యువతకు ఇంతకంటే పెద్ద సౌకర్యం లేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతలనాడే వచ్చి కదమా, బిష్టుపూర్‌లలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో, చదువైపోయిన పిల్లలకు పెద్దలు ఇప్పటికీ చూపించేది ఉక్కు కంపెనీ గేటునే. తోలు పని అంటే ముఖం చిట్లించేవాళ్లూ ఉన్నారు. ఆ చిన్నచూపు కులం నుంచి వచ్చింది. తంగేడు చెక్కతో తోళ్లు ఊని చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు చేసిన మాదిగల నైపుణ్యం లేకుండా మన పల్లెల్లో వ్యవసాయమే సాగేది కాదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు ఆ సంగతి గుర్తించాలి. మీ వీధిలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తోలుకు బెజ్జం పొడిచే ఆరె పట్టడం, రంపెతో తోలు అంచు పలచన చేయడం నేర్చుకోండి. ఊరికే కాదు, ఫీజు ఇచ్చి నేర్చుకోండి.

బజారులో ఎక్కువగా దొరికేది క్రోమ్‌తో ఊనిన తోలు. మెత్తగా ఉంటుంది, రంగులు చాలా ఉంటాయి. కానీ కోసిన అంచు ఎంత రుద్దినా నునుపెక్కదు. మడిచి కుట్టాలి, లేదా అంచుకు రంగు పూయాలి. చెట్ల బెరడు కషాయంతో ఊనిన వెజిటబుల్ ట్యాన్ తోలు బిగువుగా నిలబడుతుంది. అంచును కాస్త తడిపి కర్రతో రుద్దితే మెరుపు వస్తుంది. మిషను లేని ఇంటికి ఇదే అనువు. బ్యాగు ఒంటికి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందం చాలు. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. పొట్ట భాగం సాగుతుంది, మచ్చలుంటాయి. అందుకని లెక్కకు వచ్చినదానికంటే నాలుగో వంతు ఎక్కువ కొనాలి. భుజం పట్టీలు మాత్రం వీపు భాగం నుంచే కోయాలి.

అసలు విద్య కుట్టులో ఉంది. అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపల గీత గీసి, పళ్లున్న ఉలితో సమదూరంలో బెజ్జాలు కొడతారు. మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ప్రతి బెజ్జంలోనూ రెండు వైపుల నుంచీ దూర్చి లాగుతారు. దీన్ని శాడిల్ స్టిచ్ అంటారు. మిషను కుట్టులో ఒకచోట దారం తెగితే పక్కవి కూడా వదులవుతాయి. ఇందులో ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. చేతిపనికి ఎక్కువ ధర అడగగలిగేది ఇందుకే. కొనేవాళ్లకు ఈ తేడా చూపించి చెప్పడం మీకు రావాలి. దారం మాత్రం కుట్టు పొడవుకు నాలుగింతలు తీసుకోండి.

మొదటే బ్యాగు జోలికి వెళ్లొద్దు. కార్డుల పర్సుతో మొదలుపెట్టండి. బ్యాగు దాకా వచ్చాక ముందు అట్టతో నమూనా కోసి, రెక్సిన్‌తో ఒకటి కుట్టి చూసి, ఆ తర్వాతే తోలు మీద కత్తి పెట్టండి.

ఇది పెద్ద వ్యాపారం అవుతుందా? దిలీప్ కపూర్ అమెరికాలోని డెన్వర్‌లో పీహెచ్‌డీ చేస్తూ తోలు సామాను తయారీ నేర్చుకున్నారు. 1978లో పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో ఒక చెప్పులు కుట్టే పనివాడితో, 25,000 రూపాయలతో మొదలుపెట్టారు. అదే ఇవాళ్టి హైడిజైన్ తోలు బ్యాగుల కంపెనీ.

డిగ్రీ కావాలనుకుంటే, ఇంటర్ తర్వాత జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో నాలుగేళ్ల బీడిజైన్ లెదర్ డిజైన్ కోర్సు కోల్‌కతా, చెన్నై క్యాంపస్‌లలో ఉంది. దాని ప్రవేశ పరీక్షలో సిచ్యుయేషన్ టెస్ట్ అనే భాగంలో ఇచ్చిన సామగ్రితో చేత్తో నమూనా చేసి చూపించాలి. ఇంట్లో అట్ట కోసి తోలు కుట్టిన చేతికి అక్కడ తడబాటు ఉండదు. పాదరక్షలు, తోలు సామాను డిజైన్ నేర్పే ఎఫ్‌డీడీఐకి కోల్‌కతాలోనూ హైదరాబాద్‌లోనూ క్యాంపస్‌లున్నాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివి తోలు ఊనే రసాయన శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారికి కోల్‌కతా ప్రభుత్వ కళాశాలలో లెదర్ టెక్నాలజీ బీటెక్ ఉంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం జాబితాలో చర్మకారులూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, మొదటి విడతగా లక్ష వరకు 5 శాతం వడ్డీతో రుణం ఇస్తారు. మీకు పని నేర్పిన పెద్దాయనకు ఈ సంగతి తెలియకపోతే, దరఖాస్తు నింపడంలో సాయపడండి.

ధర దగ్గర చాలామంది దెబ్బతింటారు. తోలు, బకిల్స్, జిప్పు, దారం లెక్క వేస్తారు, తమ గంటల్ని వదిలేస్తారు. నేర్చుకునే రోజుల్లోనూ గంటలు రాసిపెట్టుకోండి. ఊళ్లో నైపుణ్యమున్న పనివాడి రోజు కూలీతో వాటిని లెక్కకట్టి, వృథా అయిన తోలు ముక్కల ఖర్చు కూడా కలపండి. మొదటి ఏడాది కొత్త బ్యాగుల అమ్మకం మీదే ఆధారపడకుండా, తెగిన పిడులు, పోయిన జిప్పులు మార్చే పని కూడా ఒప్పుకోండి. చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, కంపెనీల బ్యాగులు ఎక్కడ ముందు తెగుతున్నాయో మీ కళ్లతో చూస్తారు, మీ తర్వాతి బ్యాగుకు అక్కడ రెండో వరస కుట్టు వేస్తారు.