మందులకు లొంగని సూక్ష్మజీవులు

మన ప్రేగులలో నివసించు ఎషెరీషియా కోలై అను సూక్ష్మజీవి సాధారణముగా హాని చేయదు. ప్రేగునకు రంధ్రము పడినచో అదియే ఉదరకుహరమున చేరి ప్రాణాపాయకరమగు వాపును కలిగించును. అపుడు శస్త్రచికిత్సతోపాటు యాంటీబయోటిక్కులే శరణ్యము. ఆ మందులకు లొంగని జన్యువు దానియందున్నచో చికిత్స కష్టసాధ్యమగును.

ఈ జన్యువు తల్లి కణము నుండి పిల్ల కణములకే గాక, ప్లాస్మిడ్ అను చిన్న డి.ఎన్.ఏ. వలయము ద్వారా పొరుగు జీవులకును సంక్రమించును. కోలై నుండి రక్తవిరేచనములు కలిగించు షిగెల్లాకు ఈ గుణము సంక్రమించునని 1959లో జపాను శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చూపిరి.

జలుబునకు యాంటీబయోటిక్ మ్రింగినచో వైరసు చావదు. ప్రేగులలో మందునకు లొంగు జీవులు నశించి, లొంగనివానికి చోటు దొరకును. కనుక వైద్యుని సలహా లేక ఆ మాత్రలు కొనవలదని విద్యార్థులను కోరుచున్నాము. నేడు మనము వృథా చేయు మందు రేపు మన ఇంటివారికే పనిచేయకపోవచ్చును.