యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన నుంచి కోళ్ల మేత వరకు: అరియోమైసిన్ నేర్పిన పాఠం

ఆహారం ద్వారా సంక్రమించే సాల్మొనెల్లా, ఇ. కొలై వంటి బ్యాక్టీరియాలు మందులకు లొంగకపోవడం నేడు పశుసంవర్ధక, మత్స్య రంగాలకు ప్రధాన సమస్యగా పరిణమించింది. ఈ సమస్య చరిత్రలోని తొలి ఘట్టాలలో ఒకటి, భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వం వహించిన ప్రయోగశాలతో ముడిపడి ఉంది.

నేపథ్యం

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. రాజమహేంద్రవరంలో చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1923లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. సైరస్ ఫిస్కేతో కలిసి జీవద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు.

కొలమానంగా బ్యాక్టీరియా

కాలేయంలో అత్యల్పంగా ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేయడానికి అక్కడి బృందం పాల పదార్థాలలో పెరిగే లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియాను ఉపయోగించింది. ఈ బ్యాక్టీరియా ఫోలిక్ ఆమ్లాన్ని స్వయంగా తయారుచేసుకోలేదు. అందువల్ల ఆ విటమిన్ లేని మాధ్యమంలో దీనిని పెంచి, పరీక్షించవలసిన నమూనాను కలిపితే, పెరుగుదలను బట్టి నమూనాలోని విటమిన్ పరిమాణం తెలుస్తుంది. పెరుగుదలను ద్రావణపు మసకతనం ద్వారా గానీ, ఉత్పత్తి అయిన లాక్టిక్ ఆమ్లం ద్వారా గానీ లెక్కిస్తారు. ఫోలిక్ ఆమ్లపు కృత్రిమ సంశ్లేషణ 1945లో వెల్లడైంది.

అరియోమైసిన్

అదే సంస్థలో బెంజమిన్ డుగ్గర్ మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టి నుంచి స్ట్రెప్టోమైసెస్ అరియోఫేసియెన్స్ అనే సూక్ష్మజీవిని వేరుచేశారు. దాని నుంచి లభించిన అరియోమైసిన్, అనగా క్లోర్‌టెట్రాసైక్లిన్, 1948లో ప్రకటితమైంది. టెట్రాసైక్లిన్ వర్గంలో ఇది మొదటిది. బ్యాక్టీరియా రైబోసోమును అంటిపెట్టుకొని ప్రోటీన్ల తయారీని అడ్డుకోవడం దీని పనితీరు. అదే సంవత్సరం ఆగస్టు 8న సుబ్బారావు మరణించారు.

మేతలో చేరిన మందు

ఆ తరువాత లెడర్లీలోనే స్టోక్‌స్టాడ్, జూక్స్ అనే శాస్త్రవేత్తలు విటమిన్ బి12 కోసం, అరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపారు. విటమిన్ వల్ల రావలసిన దానికన్నా అధిక పెరుగుదల కనిపించింది. దానికి కారణం పిప్పిలో మిగిలిన మందేనని 1950 నాటికి తేలింది. స్వల్ప మోతాదులో యాంటీబయాటిక్‌ను మేతలో కలపడం అనతికాలంలోనే అనేక దేశాలకు విస్తరించింది.

స్వల్ప మోతాదు బ్యాక్టీరియాలను పూర్తిగా నశింపజేయదు. మందును తట్టుకోగలవి బ్రతికి వృద్ధిచెందుతాయి. మందును కణం నుంచి బయటకు నెట్టివేసే జన్యువులు తరచుగా ప్లాస్మిడ్లపై ఉండి, ఒక జాతి నుంచి మరొక జాతికి చేరుతాయి. స్టువార్ట్ లెవీ బృందం 1976లో ప్రచురించిన అధ్యయనంలో, టెట్రాసైక్లిన్ కలిపిన మేత తిన్న కోళ్ల పేగులలో వారం లోపే నిరోధక బ్యాక్టీరియాలు ప్రబలాయి. కొన్ని నెలలకు ఆ క్షేత్రంలో నివసించే కుటుంబంలోనూ అవి పెరిగాయి. ఇతర మందులకు లొంగని రకాలు కూడా కనిపించాయి.

పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2006 నుంచి నిషేధించింది. ఆహారోత్పత్తి జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని భారతదేశం 2019లో నిషేధించింది.

గోదావరి డెల్టాకు అన్వయం

అనపర్తి, తణుకు ప్రాంతాల కోళ్ల పరిశ్రమ, భీమవరం పరిసరాల చేపలు, రొయ్యల సాగు ఒకే నీటి వ్యవస్థపై ఆధారపడి ఉన్నాయి. కోళ్ల ఎరువును చేపల చెరువులకు వాడితే పేగు బ్యాక్టీరియాలు నీటిలోకి చేరే అవకాశం ఉంది. అందుచేత విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఈ అంశాలు వివరించవలసి ఉంటుంది:

• వ్యాధి నిర్ధారణ, మందు సున్నితత్వ పరీక్ష జరిగిన పిదపనే యాంటీబయాటిక్ వాడాలి.
• రొయ్యలలో తెల్లమచ్చ వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. దానిపై యాంటీబయాటిక్‌లు పనిచేయవు.
• నిర్దేశించిన మోతాదును పూర్తి కాలం ఇవ్వాలి. మందు ఆపిన తరువాత గడువు ముగిసేవరకు గుడ్లు, మాంసం, చేపలు విక్రయించరాదు.
• రొయ్యల సాగులో నిషిద్ధమైన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లను ఏ రూపంలోనూ వాడరాదు.
• కోళ్ల ఎరువును బాగా మగ్గించిన పిదపనే వినియోగించాలి.

ముగింపు

లెడర్లీలో ఒక బ్యాక్టీరియా విటమిన్‌కు కొలమానమైంది; మరొక సూక్ష్మజీవి ప్రాణరక్షక ఔషధాన్ని ఇచ్చింది. ఆ ఔషధాన్ని మేతగా మార్చిన వాడకం కూడా దాని శక్తిని క్షీణింపజేసింది. సుబ్బారావు జన్మించిన డెల్టాలో పశువైద్యునికీ, మానవవైద్యునికీ ఈ మందులు రేపు కూడా పనిచేయాలంటే, నేడు చెరువు గట్టునా, కోళ్ల షెడ్డులోనా వాటిని పరిమితంగా వినియోగించడం అవశ్యం.