డైనోసార్లు ఎలా అంతరించాయి? మనకూ ఆ ముప్పు ఉందా?

2025 ఫిబ్రవరిలో మన హాస్టల్లో ఒక వార్త గుప్పుమంది. 2032 డిసెంబర్ 22న ఆకాశం నుంచి ఒక పెద్ద రాయి వచ్చి భూమిని ఢీకొంటుందట! రాత్రి స్టడీ అవర్‌లో ఆరో తరగతి తమ్ముడొకడు మా దగ్గరికి వచ్చి, "అన్నా! అప్పటికి నేను డిగ్రీలో ఉంటాను. అంతా పోయేటప్పుడు ఇంత చదివి లాభమేంటి?" అని అడిగాడు. మేమంతా నవ్వాం. కానీ వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి, సైన్స్ మాస్టారిని అడిగి తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

సామూహిక వినాశనం అంటే ఏమిటి?

భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఇంత కాలంలో ఎన్నో జీవజాతులు పుట్టాయి, ఎన్నో అంతరించాయి. అది సహజం. అయితే భూమి చరిత్రలో కొద్ది కాలం అనదగిన వ్యవధిలోనే ప్రపంచమంతటా అత్యధిక భాగం జాతులు నశిస్తే దానిని సామూహిక వినాశనం అంటారు. గత 54 కోట్ల సంవత్సరాలలో ఇలాంటివి అయిదు పెద్దవి జరిగాయి.

1. సుమారు 44.4 కోట్ల ఏళ్ల క్రితం: మంచుయుగం వచ్చి సముద్రమట్టం పడిపోయింది.
2. సుమారు 37 కోట్ల ఏళ్ల క్రితం: సముద్రాల్లో ప్రాణవాయువు తగ్గిపోయింది.
3. సుమారు 25.2 కోట్ల ఏళ్ల క్రితం: సైబీరియాలో లావా వరదలా పారింది. భూమి వేడెక్కింది, సముద్రం ఆమ్లమయమైంది. సముద్ర జాతుల్లో దాదాపు 90 శాతం పోయాయి. అన్నింటిలో ఇదే ఘోరమైనది.
4. సుమారు 20.1 కోట్ల ఏళ్ల క్రితం: అట్లాంటిక్ సముద్రం విచ్చుకునే వేళ మళ్లీ లావా పొంగింది.
5. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం: డైనోసార్లు పోయాయి.

ఈ అయిదింటిలో ఆకాశం నుంచి పడిన రాయికి బలమైన సాక్ష్యం ఉన్నది చివరి దానికి మాత్రమే. మిగతావాటికి చాలావరకు భూమిలోని, గాలిలోని, నీటిలోని మార్పులే కారణం. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

సాక్ష్యం ఎలా దొరికింది?

ఇటలీలోని గుబ్బియో పట్టణం దగ్గర సున్నపురాతి పొరల మధ్య వేలెడు మందమైనా లేని బంకమట్టి పొర ఒకటి ఉంది. దాని కింది పొరల్లో ఉన్న సూక్ష్మజీవుల శిలాజాలు చాలావరకు పై పొరల్లో లేవు. వాల్టర్ అల్వరెజ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ మట్టిని తన తండ్రి లూయీ అల్వరెజ్‌కు చూపించారు. ఆయన 1968లో నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త. ఫ్రాంక్ అసారో, హెలెన్ మైఖేల్ అనే రసాయన శాస్త్రవేత్తలతో కలిసి పరీక్షిస్తే, అందులో ఇరిడియం అనే లోహం మామూలు కంటే సుమారు 30 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇరిడియం భూమి పైపొరలో చాలా అరుదు. గ్రహశకలాల్లో ఎక్కువ. కాబట్టి సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం భూమిని ఢీకొని ఉంటుందని 1980లో వారు ప్రకటించారు.

మరి గొయ్యి ఏది? అందరూ అదే అడిగారు. చమురు కోసం వెతికే నిపుణులు మెక్సికో తీరంలో అంతకుముందే ఒక వింత వలయాన్ని గమనించి ఉన్నారు. సుమారు 180 కిలోమీటర్ల వెడల్పున్న ఆ చిక్సులుబ్ బిలమే ఆ గొయ్యి అని 1991లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

చంపింది రాయి ఒక్కటే కాదు

రాయి పడిన చోట ఉన్నవి వెంటనే చనిపోయాయి. కానీ ప్రపంచం అవతలి వైపున్నవి ఎందుకు చనిపోయాయి? దుమ్ము, మసి, గంధకపు ఆవిరులు ఆకాశాన్ని కప్పేశాయి. ఎండ లేక చలి పెరిగింది. కిరణజన్య సంయోగక్రియ ఆగింది. మొక్కలు పోతే వాటిని తినేవి, ఆ తర్వాత వాటిని తినేవి వరుసగా ఆకలితో చచ్చాయి. మనం పాఠంలో చదివే ఆహారపు గొలుసు మొదటి లంకె దగ్గరే తెగిందన్నమాట. మొత్తం జాతుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు నశించాయి. భారీకాయాలు పోయి, బొరియల్లో దాక్కుని దొరికినదల్లా తినే చిన్న జీవులు కొన్ని బతికాయి. వాటిలో మన పూర్వజీవులూ ఉన్నాయి. డైనోసార్లలో పక్షులు మాత్రం మిగిలాయి.

మన నేలలో ఆ కథ

అదే కాలంలో మన దక్కను పీఠభూమిపై కూడా లావా పొరలు పొరలుగా పారింది. అది రాయి పడక ముందే మొదలై, తర్వాత కూడా సాగింది. వినాశనంలో దాని వంతు ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా ఉంది. ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి చాలావరకు ఆ లావా రాయి అరిగి ఏర్పడిందే. మన అమ్మానాన్నలు పత్తి తీసే చేనుకు మూలమైన రాయి అంత పాతదన్నమాట! రాజమండ్రి దగ్గర కూడా ఆ కాలపు లావా ఉంది. అక్కడ రెండు లావా పొరల మధ్య సున్నపురాయిలో సముద్రజీవుల శిలాజాలు దొరికాయి.

పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అయితే అది ఈ వినాశనానికి పది కోట్ల ఏళ్లకు పైగా ముందు బతికిన జంతువు. అవకాశం దొరికితే తప్పక చూడండి.

మరి ఇప్పుడు ముప్పు ఉందా?

చిన్న రాళ్లు పడుతూనే ఉంటాయి. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా అడవిపై ఒకటి పేలి రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా చెట్లు నేలకూలాయి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి పేలింది. కిటికీ అద్దాలు పగిలి సుమారు 1,500 మంది గాయపడ్డారు. పెద్ద వెలుగు కనిపిస్తే కిటికీ దగ్గరికి పరుగెత్తకూడదని అది నేర్పిన పాఠం.

తమ్ముడు భయపడిన రాయి పేరు 2024 వైఆర్4. సుమారు 60 మీటర్లు ఉంటుంది. అది ఢీకొనే అవకాశం మొదట 1 శాతం అన్నారు, తర్వాత 3 శాతం దాటింది, ఆ నెలలోనే దాదాపు సున్నా అయింది. శాస్త్రవేత్తలు మాట మార్చారా? లేదు. క్రికెట్‌లో బంతి గాలిలోకి లేవగానే ఎక్కడ పడుతుందో తెలియదు. క్షణక్షణానికి మన అంచనా వలయం చిన్నదవుతుంది. మనం ఇంకా ఆ వలయంలోనే ఉంటే "నా మీదే పడుతుందేమో" అనిపిస్తుంది. ఇంకాస్త చిన్నదయ్యాక బంతి పక్కకు పోతుందని తెలిసిపోతుంది. ఇదీ అంతే. అపోఫిస్ అనే మరో గ్రహశకలం 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో వెళుతుంది. ఢీకొనదని లెక్క తేలింది.

డైనోసార్లకు లేనిది మనకు ఉన్నది ఒకటుంది: లెక్క. 2022 సెప్టెంబర్ 26న నాసా పంపిన డార్ట్ నౌక డైమోర్ఫోస్ అనే చిన్న రాయిని కావాలని గుద్దింది. అంతకుముందు 11 గంటల 55 నిమిషాలున్న దాని పరిభ్రమణ కాలం అరగంటకు పైగా తగ్గింది. ముందుగా కనిపెడితే దారి మళ్లించవచ్చని రుజువైంది. కిలోమీటరు దాటిన పెద్ద వాటిలో 90 శాతానికి పైగా ఇప్పటికే గుర్తించారు కూడా.

ఇప్పుడు అడవుల నరికివేత, కాలుష్యం, వేడెక్కుతున్న వాతావరణం వల్ల జాతులు వేగంగా తగ్గుతున్నాయి. ఈసారి కారణం ఆకాశంలో లేదు, మన చేతుల్లోనే ఉంది.

తమ్ముడూ! నీ ప్రశ్నకు మా జవాబు ఇది. ఆ రాయి రాదని చెప్పింది చదువుకున్నవాళ్లే. రేపు నిజంగా ఒకటి వస్తే దాన్ని ముందుగా చూసేదీ, పక్కకు నెట్టేదీ చదువుకున్నవాళ్లే. వారిలో మన హాస్టల్ విద్యార్థి ఒకడు ఎందుకు ఉండకూడదు? కాబట్టి భయపెట్టే వార్త వినగానే "ఎవరు చెప్పారు? సాక్ష్యం ఏమిటి?" అని అడుగుదాం. ఆ తర్వాత పుస్తకం తెరుద్దాం.